ల్యాప్‌టాప్‌కు డాకింగ్ స్టేషన్: ఒక్క కేబుల్‌లో ఎంత పడుతుంది?

కొత్తగా కొన్న 4కే మానిటర్‌ను ఒక పోర్టును నాలుగైదుగా పంచే చిన్న హబ్ ద్వారా ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే బొమ్మ శుభ్రంగానే వస్తుంది. కానీ మౌస్ బాణం తెర మీద ఆగి ఆగి నడుస్తుంది, పేజీని కిందికి జరిపితే అక్షరాలు కుదుపులతో కదులుతాయి. తప్పు మానిటర్‌దని కొందరు, ల్యాప్‌టాప్ పాతదైపోయిందని ఇంకొందరు అనుకుంటారు. చాలా సందర్భాల్లో రెండూ బాగానే ఉంటాయి. మధ్యలో ఉన్న హబ్ తెరను సెకనుకు 30 సార్లు మాత్రమే మార్చగలుగుతోంది, మన కంటికి అలవాటైనది 60 సార్లు. హబ్ పెట్టె మీద ‘4కే’ అని అచ్చువేసినవారు అబద్ధమాడలేదు, పక్కనే చిన్న అక్షరాల్లో ఉన్న ‘30 హెర్ట్జ్’ మనకు కనబడలేదు. అయితే అదే హబ్ పక్కింటివారి ల్యాప్‌టాప్‌కు పెడితే 60 హెర్ట్జ్ రావచ్చు కూడా. ఎందుకలా అన్నది అర్థమైతే డాక్ (డాకింగ్ స్టేషన్, హబ్ లాంటిదే కాస్త పెద్ద పెట్టె) ఎంపికలో సగం చిక్కు విడిపోయినట్టే.

డాకింగ్ స్టేషన్ అన్న ఆలోచన కొత్తది కాదు. ఆపిల్ సంస్థ 1992లోనే పవర్‌బుక్ డుయో అనే ల్యాప్‌టాప్‌తోపాటు దాన్ని మొత్తంగా లోపలికి మింగేసే ఒక డాక్‌ను అమ్మింది. ఆ తరువాత చాలా ఏళ్లపాటు థింక్‌ప్యాడ్, డెల్ లాటిట్యూడ్ వంటి ఆఫీసు ల్యాప్‌టాప్‌ల అడుగున ఒక పొడవాటి కనెక్టర్ ఉండేది, దాన్ని పీఠం లాంటి డాక్ మీద పెట్టి నొక్కితే ‘టక్’మని కూర్చునేది. ఏ సంస్థ ల్యాప్‌టాప్‌కు ఆ సంస్థ డాకే పనిచేసేది కాబట్టి ఎంపిక అనే ప్రశ్నే తలెత్తేది కాదు. 2014లో యూఎస్‌బీ టైప్-సీ ప్రమాణం వచ్చాక పరిస్థితి తిరగబడింది. ఇప్పుడు ఏ డాక్ అయినా ఏ ల్యాప్‌టాప్‌లోనైనా దూరుతుంది. దూరినంత మాత్రాన పనిచేస్తుందన్న హామీ మాత్రం లేదు.

డాక్ తనంతట తాను ఏదీ పుట్టించదు. ల్యాప్‌టాప్‌లోని ఒక పోర్టు నుంచి వచ్చినదాన్ని నాలుగైదు దారుల్లోకి పంచుతుంది, అంతే. కాలువలో ఎంత నీరు వదిలారో చూడకుండా తూములు లెక్కపెట్టుకుంటే చివరి మడి తడవదు. పెట్టె మీద ‘13 పోర్టులు’ అని చూసి డాక్ కొనడం అలాంటిదే. అందుకే చదవాల్సింది మొదట మన ల్యాప్‌టాప్ వివరాలను, డాక్ వివరాలు ఆ తరువాత.

టైప్-సీ అన్నది రంధ్రం ఆకారానికి పేరు మాత్రమే. దాని లోపల 24 పిన్నులు ఉంటాయి, వాటి వెనుక ఏముందో బయటికి తెలియదు. ఒక పోర్టులో సెకనుకు 5 గిగాబిట్ల డేటా తప్ప వేరే ఏమీ ఉండకపోవచ్చు, అంటే అందులోంచి బొమ్మ రానే రాదు. ఇంకొక దాంట్లో డేటాతోపాటు ‘డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్’ అనే దృశ్య సంకేతం ఉంటుంది. మరొక దాంట్లో దృశ్యం, డేటా రెండింటినీ కలిపి మోసే 20 లేదా 40 గిగాబిట్ల యూఎస్‌బీ4 గానీ, 40 గిగాబిట్ల థండర్‌బోల్ట్ 4 గానీ ఉంటుంది. ఒకే ల్యాప్‌టాప్‌కు పక్కపక్కనే ఉన్న రెండు టైప్-సీ పోర్టులు కూడా ఒకలాంటివి కాకపోవచ్చు. పోర్టు పక్కన మెరుపు గుర్తు ఉంటే థండర్‌బోల్ట్ అని, ‘డీ’ అక్షరంలా కనిపించే గుర్తు ఉంటే డిస్‌ప్లేపోర్ట్ అని, బ్యాటరీ లేదా ప్లగ్గు బొమ్మ ఉంటే చార్జింగ్ తీసుకుంటుందని సాధారణంగా అర్థం. అసలు ఏ గుర్తూ వేయని తయారీదారులూ ఉన్నారు కాబట్టి, ల్యాప్‌టాప్ అడుగున ఉన్న పూర్తి మోడల్ సంఖ్యతో సంస్థ వెబ్‌సైట్‌లో వివరాల పట్టిక చూడడమే నమ్మదగిన మార్గం. పూర్తి సంఖ్య అని నొక్కి చెప్పడానికి కారణం ఉంది: ఒకే పేరుతో అమ్మే ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసర్‌ను బట్టి పోర్టు శక్తి మారిపోతుంది.

ఇప్పుడు మొదటి పేరాలోని 30 హెర్ట్జ్ సంగతి చూద్దాం. టైప్-సీ కేబుల్‌లో వేగంగా సమాచారం మోసే తీగల జతలు నాలుగు ఉంటాయి, వాటిని లేన్లు అంటారు. మామూలు టైప్-సీ హబ్ ఈ నాలుగింటిలో రెండు దృశ్యానికి, రెండు డేటాకు కేటాయిస్తుంది. డిస్‌ప్లేపోర్ట్ 1.2 స్థాయిలో ఒక్కో లేన్ సెకనుకు 5.4 గిగాబిట్లు మోస్తుంది. రెండు లేన్లకు 10.8. ఆ సంకేతంలో ప్రతి 8 బిట్ల సమాచారానికి 10 బిట్లు పంపాలి కాబట్టి చేతికి దక్కేది 8.64 గిగాబిట్లు. ఇక 4కే తెరకు ఎంత కావాలి? అడ్డంగా 3840, నిలువుగా 2160 చుక్కలు, ఒక్కో చుక్కకు రంగు చెప్పడానికి 24 బిట్లు, సెకనుకు 60 సార్లు. గుణిస్తే దాదాపు 12 గిగాబిట్లు వస్తుంది, సంకేతాల మధ్య ఉండే ఖాళీలు కలిపితే 12.5 దాకా పోతుంది. 8.64లో 12.5 పట్టదు. అందుకని హబ్, ల్యాప్‌టాప్ మాట్లాడుకుని 30 హెర్ట్జ్‌కు దిగిపోతాయి. ఎవరూ మనకు చెప్పరు, ఏ హెచ్చరికా రాదు.

డిస్‌ప్లేపోర్ట్ 1.4 స్థాయిలో లేన్‌కు 8.1 గిగాబిట్లు. రెండు లేన్లకు దక్కేది 12.96. పై లెక్కతో పోల్చి చూస్తే 4కే 60 హెర్ట్జ్ ఒక్క వేలు సందుతో దూరిపోతుంది. పక్కింటివారి ల్యాప్‌టాప్‌కు అదే హబ్‌తో 60 రావడానికి కారణం ఇదే: వారి ల్యాప్‌టాప్ 1.4 స్థాయి సంకేతం ఇస్తోంది, హబ్ దాన్ని అందుకోగలుగుతోంది. రెండింటిలో ఏ ఒక్కటి 1.2 దగ్గర ఆగినా మళ్లీ 30కే పడిపోతాం. ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్‌లలో 2020లో వచ్చిన 11వ తరం తరువాతి వాటికి సాధారణంగా ఈ ఇబ్బంది ఉండదు.

కొన్ని హబ్‌లు వేరే దారి పడతాయి. నాలుగు లేన్లనూ దృశ్యానికే ఇచ్చేస్తే పాత 1.2 స్థాయిలో కూడా 17.28 గిగాబిట్లు దక్కుతాయి, 4కే 60 హాయిగా నడుస్తుంది. అప్పుడు డేటాకు మిగిలేది యూఎస్‌బీ 2.0 తీగలు, అంటే సెకనుకు 480 మెగాబిట్లు. కీబోర్డుకు, మౌస్‌కు, వెబ్‌క్యామ్‌కు అది చాలు. కానీ బయటి ఎస్ఎస్‌డీ (వేగవంతమైన నిల్వ డిస్కు) నుంచి 50 గిగాబైట్ల వీడియోలు కాపీ చేయాలంటే, అదే పని 5 గిగాబిట్ల పోర్టులో రెండు మూడు నిమిషాల్లో అయ్యేది, ఇక్కడ ఇరవై నిమిషాలు దాటుతుంది. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవారికి ఇది నరకం, రోజంతా స్ప్రెడ్‌షీట్లతో పనిచేసేవారికి అసలు తెలియను కూడా తెలియదు. ఏది ‘మంచి’ హబ్ అన్న ప్రశ్నకు అందరికీ సరిపడే జవాబు లేకపోవడానికి ఇదొక నమూనా.

రెండు మానిటర్లు పెట్టుకోవాలన్న కోరిక దగ్గర చిక్కు మరింత పెరుగుతుంది. హైదరాబాద్ ఐటీ ఉద్యోగుల్లో వారంలో కొన్ని రోజులు ఇంటి నుంచి పనిచేసేవారు చాలామంది కోరుకునేది ఇదే: కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్, రెండు ఫుల్ హెచ్‌డీ తెరలు, ఒకే కేబుల్. ల్యాప్‌టాప్‌లో విండోస్ ఉంటే ఇది పెద్ద ఖర్చు లేకుండానే జరుగుతుంది. డిస్‌ప్లేపోర్ట్ 1.2తోనే వచ్చిన ఎంఎస్‌టీ అనే పద్ధతిలో ఒకే దృశ్య సంకేతంలో రెండు మూడు తెరల బొమ్మలను కలిపి పంపవచ్చు, డాక్ వాటిని విడదీస్తుంది. ఒక్కో ఫుల్ హెచ్‌డీ తెరకు 60 హెర్ట్జ్ వద్ద దాదాపు 3.2 గిగాబిట్లు చాలు కాబట్టి, పైన చెప్పిన 8.64లో రెండు తెరలూ సర్దుకుంటాయి. ఎంఎస్‌టీ ఉన్న మధ్యస్థ ధర డాక్‌తో పని అయిపోతుంది.

మ్యాక్‌బుక్ విషయం వేరు. దాన్ని నడిపే మాక్ ఓఎస్ ఎంఎస్‌టీ ద్వారా తెరలను విస్తరించనివ్వదు. అదే డాక్‌ను మ్యాక్‌బుక్‌కు తగిలిస్తే రెండు మానిటర్లలోనూ ఒకే బొమ్మ కనిపిస్తుంది, డాక్ పాడైందని జనం తిట్టుకుంటారు. పైగా చిప్ పరిమితి ఒకటి ఉంది: ఆపిల్ సొంత ఎం1, ఎం2 చిప్‌ల మ్యాక్‌బుక్ ఎయిర్‌లు బయట ఒక్క తెరనే నడపగలవు. ఎం3 ఎయిర్ మూత మూసి ఉంచితే రెండు నడుపుతుంది. 2025లో వచ్చిన ఎం4 ఎయిర్ మూత తెరిచి ఉన్నా రెండింటిని నడుపుతుంది. ఈ పరిమితి చిప్‌ది, ఎంత ఖరీదైన థండర్‌బోల్ట్ డాక్ పెట్టినా దాటదు. ఎం1 ఎయిర్ ఉన్నవారు రెండో మానిటర్ కోసం ఇరవై వేలు దాటిన డాక్ కొనడం నా దృష్టిలో డబ్బు నీళ్లలో పోయడమే.

ఆ పరిమితిని పక్కనుంచి దాటే మార్గం ఒకటి ఉంది, డిస్‌ప్లేలింక్. ఇందులో బొమ్మ గ్రాఫిక్స్ దారిలో కాకుండా డేటా దారిలో వెళుతుంది: ల్యాప్‌టాప్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ తెరను ఫైలులా కుదించి యూఎస్‌బీ మీద పంపితే, డాక్‌లోని చిప్ దాన్ని విప్పి మానిటర్‌కు ఇస్తుంది. అందువల్ల ఆల్ట్ మోడ్ లేని పోర్టుకైనా, పాత యూఎస్‌బీ-ఏ పోర్టుకైనా, ఎం1 ఎయిర్‌కైనా రెండు మూడు తెరలు వస్తాయి. దీనికి చెల్లించే మూల్యం చిన్నదేమీ కాదు. కుదించే పని ప్రాసెసర్ మీద పడుతుంది, వేగంగా కదిలే వీడియోలో తేడా తెలుస్తుంది, ఆటలకు పనికిరాదు. కాపీ రక్షణ ఉన్న ఓటీటీ వీడియోలు ఆ తెరల మీద నల్లగా కనిపించడం మామూలు. మ్యాక్‌లో అయితే తెరను రికార్డు చేసే అనుమతి ఆ సాఫ్ట్‌వేర్‌కు ఇవ్వాలి. కంపెనీ ల్యాప్‌టాప్‌లో సాఫ్ట్‌వేర్ ఎక్కించే హక్కు ఉద్యోగికి ఉండదు కాబట్టి, డబ్బు పెట్టేముందు ఐటీ విభాగాన్ని ఒక మాట అడగడం మంచిది. కోడ్ రాసేవారికి, ఖాతాలు చూసేవారికి ఇది సరిపోతుంది. నేను మాత్రం వేరే దారి లేనప్పుడే దీన్ని ఎంచుకోమంటాను.

ఇక కరెంటు. టైప్-సీ చార్జింగ్ ప్రమాణం చాలా కాలం గరిష్ఠంగా 100 వాట్ల దగ్గర ఆగింది, అంటే 20 వోల్టుల వద్ద 5 ఆంపియర్లు. 2021 సవరణతో అది 240 వాట్లకు పెరిగినా, మార్కెట్లో దొరికే డాక్‌లలో ఎక్కువ భాగం 100 వాట్లలోపే ఇస్తాయి. మామూలు ఆఫీసు ల్యాప్‌టాప్‌కు 65 వాట్లు చాలు కనుక ఇబ్బంది లేదు, కానీ పెట్టె మీది అంకెను జాగ్రత్తగా చదవాలి. సొంత అడాప్టర్ లేని హబ్‌కు మన చార్జర్‌నే గుచ్చుతాం కదా, అందులోంచి హబ్ తన వాటా మినహాయించుకుంటుంది. ‘100 వాట్ల పాస్‌త్రూ’ అన్న హబ్ ల్యాప్‌టాప్‌కు ఇచ్చేది చాలాసార్లు 85 వాట్లే. దానికి 65 వాట్ల చార్జర్ పెడితే ల్యాప్‌టాప్‌కు చేరేది 50 దగ్గర ఉంటుంది, విండోస్ ‘స్లో చార్జర్’ అని గొణుగుతుంది, బరువైన పని చేస్తుంటే చార్జర్ పెట్టి ఉన్నా బ్యాటరీ తరుగుతుంది. ప్రత్యేక గ్రాఫిక్స్ కార్డు ఉన్న గేమింగ్ ల్యాప్‌టాప్‌లకు 180 నుంచి 240 వాట్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కావాలి. వాటికి డాక్ ఒక పక్క, వాటి సొంత చార్జర్ ఇంకో పక్క ఉండాల్సిందే, ఒకే కేబుల్ కల అక్కడ తీరదు. సంస్థల సొంత లెక్కలు కూడా ఉంటాయి: డెల్ డబ్ల్యూడీ19 డాక్ డెల్ ల్యాప్‌టాప్‌లకు 130 వాట్ల దాకా ఇస్తుంది, ఇతర సంస్థల వాటికి 90 దగ్గర ఆగుతుంది.

మన ఊళ్లలో ఆలోచించాల్సిన సంగతి ఇంకొకటి ఉంది, విదేశీ సమీక్షల్లో దాని ఊసే ఉండదు. కరెంటు పోయినప్పుడు ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది కాబట్టి మనకేం భయం లేదనుకుంటాం. సొంత అడాప్టర్ ఉన్న డాక్ మాత్రం ఆ క్షణమే చస్తుంది. దాంతోపాటు మానిటర్లు, ఈథర్‌నెట్ (తీగ ద్వారా వచ్చే ఇంటర్నెట్), డాక్‌కు తగిలించిన ఎస్ఎస్‌డీ అన్నీ ఒక్కసారిగా తెగిపోతాయి. వీడియో మీటింగ్ పోతే మళ్లీ చేరవచ్చు, సగం రాసిన ఫైలుతో ఎస్ఎస్‌డీ తెగితే ఆ ఫైలు మీద ఆశ వదులుకోవాలి. కొన్ని చిన్న హబ్‌లు కూడా చార్జర్‌కు కరెంటు పోగానే ఒకసారి మొత్తం ఆగి మళ్లీ మొదలవుతాయి. అందుచేత డాక్, ఒక మానిటర్, వైఫై రౌటర్ మూడూ యూపీఎస్ మీద గానీ, ఇన్వర్టర్ లైను మీద గానీ ఉండాలి. ఇన్వర్టర్ మీద ‘యూపీఎస్ మోడ్’ మీట ఉంటే అటు తిప్పి ఉంచాలి, మామూలు మోడ్‌లో మారడానికి పట్టే రెప్పపాటు ఆలస్యం ఫ్యానుకు తెలియదు గానీ డాక్‌కు తెలుస్తుంది. అమెరికా నుంచి వచ్చే బంధువులతో డాక్ తెప్పించుకునేవారు అడాప్టర్ చీటీ మీద ‘100–240 వోల్టులు’ అని ఉందో లేదో ముందే ఫొటో తీయించి చూడాలి. సాధారణంగా ఉంటుంది, గోడకు గుచ్చే తీగ ఒక్కటి ఇక్కడి మూడు పిన్నుల దానితో మార్చుకుంటే సరిపోతుంది. అయితే వారంటీ ఇక్కడ చెల్లుతుందని నమ్ముకోకూడదు.

థండర్‌బోల్ట్ ఎవరికి కావాలి? పైన చెప్పిన లేన్ల పంపకం ఇందులో ఉండదు. దృశ్యం, డేటా రెండూ పొట్లాలుగా కట్టి ఒకే 40 గిగాబిట్ల ప్రవాహంలో పోతాయి, కాబట్టి రెండు 4కే 60 తెరలు పెట్టాక కూడా వేగవంతమైన ఎస్ఎస్‌డీకి చోటు మిగులుతుంది. థండర్‌బోల్ట్ 4 ముద్ర ఉన్న ల్యాప్‌టాప్ రెండు 4కే తెరలను నడపగలగాలన్నది నిబంధన; యూఎస్‌బీ4 ముద్రకు అలాంటి నిబంధన లేదు, వేగం కూడా 20 దగ్గర ఆగవచ్చు. కనుక రెండు 4కే తెరలు, బయటి డిస్కు మీద నేరుగా వీడియో ఎడిటింగ్, లేదా రెండు బయటి తెరలు నడిపే చిప్ ఉన్న మ్యాక్‌బుక్ ఉన్నవారికి థండర్‌బోల్ట్ డాక్ ధర న్యాయమే. ఫుల్ హెచ్‌డీ తెరలవారికి అది అనవసరం. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికే పాత థండర్‌బోల్ట్ 3 డాక్‌ల విషయంలో ఒక హెచ్చరిక: వాటిలో ఆల్పైన్ రిడ్జ్ చిప్ ఉన్నవి థండర్‌బోల్ట్ లేని టైప్-సీ ల్యాప్‌టాప్‌తో పనిచేయవు. 2018లో వచ్చిన టైటన్ రిడ్జ్ చిప్ నుంచి ఆ గొడవ తీరింది.

ఎంత మంచి డాక్ కొన్నా కేబుల్ దగ్గర పని చెడుతుంది. ఫోన్‌తో వచ్చిన టైప్-సీ కేబుల్‌లో చాలాసార్లు చార్జింగ్ తీగలు, యూఎస్‌బీ 2.0 తీగలే ఉంటాయి, వేగవంతమైన లేన్లు ఉండవు. దాంతో డాక్‌ను కలిపితే చార్జింగ్ ఎక్కుతుంది, తెర మాత్రం వెలగదు. 60 వాట్లకు మించి మోయాలంటే కేబుల్‌లో దాని సామర్థ్యం చెప్పే చిన్న చిప్ ఉండాలి, లేకపోతే ఎంత పెద్ద చార్జర్ అయినా 60 దగ్గరే ఆగుతుంది. 40 గిగాబిట్ల వేగంలో మామూలు కేబుల్ 80 సెంటీమీటర్లు దాటితే నిలవదు, అంతకన్నా పొడవు కావాలంటే లోపల సంకేతాన్ని బలపరిచే ఖరీదైన కేబుల్ కొనాలి. డాక్‌తో వచ్చిన కేబుల్ అందుకే పొట్టిగా ఉంటుంది. దాన్ని తీసి పక్కన పడేసి పొడవాటిది తగిలించడం చాలా సమస్యలకు మొదలు.

ఈథర్‌నెట్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, గిగాబిట్ పోర్టు ఇంటి ఇంటర్నెట్‌కు సరిపోతుంది. వైర్‌లెస్ మౌస్ గురించి మాత్రం చెప్పాలి. డాక్‌లో యూఎస్‌బీ 3 పోర్టు పక్కనే మౌస్ రిసీవర్‌ను గుచ్చితే, మౌస్ ఉన్నట్టుండి తడబడుతుంది. యూఎస్‌బీ 3 వెదజల్లే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలోకి వస్తుందని ఇంటెల్ 2012లోనే ఒక పత్రంలో వివరించింది. చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో రిసీవర్‌ను ఒక జానెడు దూరం జరిపితే జబ్బు కుదురుతుంది, మౌస్ మార్చక్కర్లేదు.

ఇంత చదివాక అసలు డాక్ అవసరమా అని కూడా అడగాలి. ల్యాప్‌టాప్‌కు సొంత హెచ్‌డీఎంఐ ఉండి, ఇంకొక తెర టైప్-సీ నుంచి తీసుకోగలిగితే, రోజూ రెండు కేబుళ్లు గుచ్చడం భారమనిపించనివారికి ఆ డబ్బు మిగిలినట్టే. ఇంకా మానిటర్ కొనని వారైతే టైప్-సీ ద్వారా 65 లేదా 90 వాట్లు ఇచ్చే మానిటర్‌ను చూడాలి. అందులోనే యూఎస్‌బీ పోర్టులు, కొన్నింటిలో ఈథర్‌నెట్ కూడా ఉంటాయి, బల్ల మీద వేరే పెట్టె అక్కర్లేదు. ఒక్క మానిటర్‌తో పనిచేసేవారికి నేను ముందుగా సూచించేది ఇదే.

డాక్ కొన్నాక వాపసు గడువు ముగియకముందే దాన్ని పూర్తి పనిభారంతో పరీక్షించాలి. మానిటర్లన్నీ వెలిగించి, విండోస్ అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ప్రతి తెరకూ 60 హెర్ట్జ్ చూపిస్తోందో లేదో చూడాలి. ఆ సమయంలోనే ఎస్ఎస్‌డీ నుంచి పెద్ద ఫైలు కాపీ చేస్తూ, ఒక వీడియో కాల్ నడుపుతూ, బ్యాటరీ శాతం పెరుగుతోందా తరుగుతోందా గమనించాలి. ల్యాప్‌టాప్‌ను నిద్రపుచ్చి లేపినప్పుడు తెరలన్నీ తిరిగి వస్తున్నాయా, కేబుల్ పీకి మళ్లీ పెడితే తెరిచిన విండోలు వాటి చోటుకు చేరుతున్నాయా చూడాలి. లోహపు పెట్టె చేతికి వేడిగా తగలడం మామూలే, వేడెక్కాక తెర మిణుకుమంటే మాత్రం వాపసు పంపాలి. తెర నల్లబడి తేరుకుంటుంటే మొదట కేబుల్ మార్చి చూడాలి, తరువాత తయారీదారు వెబ్‌సైట్‌లో డాక్ ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్) కొత్తది ఉందేమో వెతకాలి. రెండూ చేసినా మారకపోతే బిల్లు, పెట్టె రెండూ చేతిలో ఉండగానే తిరిగి ఇచ్చేయాలి.